సలహా ఎవరికి? మారాల్సింది ఎవరు?

పరిశోధన చేస్తున్న రోజుల్లో నా లెక్కలో పుస్తకాలు రెండు రకాలు. విమర్శకు నిలిచేవి, బస్టాండులో అమ్మేవి. కథ, కవిత్వం, నవల మొదటి రకం. కాపురం చక్కదిద్దుకోవడం, ఆత్మవిశ్వాసం పెంచుకోవడం ఎలాగో చెప్పేవి రెండోరకం. డాక్టరేట్ వచ్చాక ఈ గీత ఇంకాస్త గట్టిపడింది.

దాన్ని చెరిపింది నా విద్యార్థిని. ఎమ్మే చదువుతుండగానే పెళ్లయిన అమ్మాయి. ఒకరోజు క్లాసయ్యాక సంచీలోంచి ఓ పుస్తకం తీసి, "మేడమ్, ఇది చదవొచ్చంటారా? మా అత్తగారిచ్చారు" అంది. అట్ట చూసి నవ్వాను. "ఇలాంటివి నేను చదవనమ్మా" అన్నాను. తనూ నవ్వేసి పుస్తకం లోపల పెట్టేసుకుంది. భర్త కొట్టేవాడని నాకు తెలిసేసరికి తను చదువు మానేసి ఏడాదైంది. ఆ రోజు తను అడిగింది పుస్తకం గురించి మాత్రమే కాదని అప్పుడు అర్థమైంది.

ఆ పుస్తకం వెతికి కొని చదివాను. చిన్న చిన్న వాక్యాలు, మధ్యలో పిట్టకథలు. చదివించే గుణం ఉంది, కాదనను. కానీ ప్రతి అధ్యాయమూ ఒక్కచోటికే చేరుతుంది. అతను కోపంగా ఉన్నప్పుడు ఎదురు చెప్పకు, ఓర్పు పట్టు, అతనే మారతాడు. ఆ ఇంట్లో మారాల్సిన మనిషి ఒక్కతే. "పరిశోధనలు చెబుతున్నాయి" అని చాలాచోట్ల ఉంది. ఎవరి పరిశోధన, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఎక్కడా లేదు. గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరులో అమలయింది. నా దగ్గరున్న ముద్రణ ఆ తర్వాతిదే. అందులో చట్టం ఊసే లేదు. కొడితే ఏం చేయాలన్న ప్రశ్నే ఆ రచయితకు తట్టలేదు.

మనకిది కొత్తేం కాదు. స్త్రీ విద్య కోసం అంత పాటుపడిన వీరేశలింగం గారూ 'పత్నీహితసూచని' రాశారు. భార్యకు హితం చెప్పే పుస్తకాలకు మన దగ్గర పెద్ద వంశవృక్షమే ఉంది.

అలాగని సలహా పుస్తకాలన్నిటినీ తోసెయ్యలేను. 'ఆంధ్రప్రభ'లో మాలతీ చందూర్ 'ప్రమదావనం' దశాబ్దాలపాటు నడిచిందంటే, ఇంట్లో ఎవర్నీ అడగలేని ప్రశ్నలు ఆడవాళ్ల దగ్గర అన్ని ఉన్నాయన్నమాట. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' కూడా సలహాల పుస్తకమే. స్త్రీలు బృందంగా కూర్చుని, స్త్రీల ఆరోగ్యం గురించి స్త్రీల కోసం రాసుకున్నది. అమెరికాలో బోస్టన్ మహిళలు 1970లో తెచ్చిన చిన్న పుస్తకమే తర్వాత 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' అయింది. వాళ్లు దాన్ని 2011 దాకా మళ్లీ మళ్లీ సవరించి వేశారు. తాము రాసింది దిద్దుకోవాల్సి వస్తుందని ఒప్పుకోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది. ఓర్పు బోధించే పుస్తకాలు పునర్ముద్రణ పొందుతాయి గానీ దిద్దుబాటు ఎరగవు.

ఇప్పుడు ఇలాంటి పుస్తకం చేతికొస్తే నాలుగు ప్రశ్నలేస్తాను. చెప్పేవాళ్లకి ఈ సంగతి ఎలా తెలిసింది? ఎవర్ని మారమంటోంది? ఈ సలహా పనిచేయకపోతే ఎక్కడికి వెళ్లాలో చెబుతోందా, లేక తప్పు నాదేనంటోందా? ఎప్పుడు రాసింది, ఆ తర్వాత ఏం మారింది?

ఈ ప్రశ్నలు మనవనుకునే పుస్తకాలకూ వెయ్యాల్సిందే. 'సవాలక్ష సందేహాలు' మీద నాకెంత ప్రేమున్నా, 1991 నాటి వైద్య సమాచారాన్ని ఈనాటి వైద్యసలహాగా ఎవరికీ ఇవ్వను. మన పక్షం పుస్తకమని కళ్లు మూసుకుంటే, అత్తగారిచ్చారని చదివే అమ్మాయికీ నాకూ తేడా లేదు.

కథలో ఒక పాత్ర ఎందుకు మౌనంగా ఉందో పేజీలకు పేజీలు రాస్తాం. ఆ మౌనాన్ని నేర్పే పుస్తకం పక్కింట్లో దిండు కింద ఉంటే, అది సాహిత్యం కాదని వదిలేస్తాం. నేను వదిలేశాను. ఆ అమ్మాయికి కావలసింది నా అభిరుచి కాదు, నా చదువు. "ఇటివ్వమ్మా, రేపటికి చదివి చెబుతాను" అని ఆ రోజు అనాల్సింది. ఆ తర్వాత తను నన్ను ఏదీ అడగలేదు.