కిటికీలో సంగీతం, వీధిలో మోత

విలియం హోగార్త్ 1741లో లండన్‌లో అచ్చువేసిన ‘ఎన్‌రేజ్డ్ మ్యుజీషియన్’ వ్యంగ్యచిత్రంలో, కిటికీలోని ఫిడేలు విద్వాంసుడు కోపంతో చెవులు మూసుకుంటాడు. కింద వీధిలో బిడ్డనెత్తుకొని పాటలు పాడి అమ్మే ఆడమనిషి, పాలమ్మే పిల్ల, కత్తులు సానబట్టేవాడు, డోలు కొట్టే పిల్లాడు. నవ్వు విద్వాంసుడి మీదే, నిజమే. కానీ పాటనూ సానరాతి గీరునూ హోగార్త్ ఒకే రొదలో కలిపేశాడు. మేం ఆగేది గోడమీది ప్రకటన దగ్గర. వీధిపాటల బాణీలతో 1728లో లండన్‌ను ఊపేసిన నాటకం ‘బెగ్గర్స్ ఒపేరా’ది అది. బాణీలకు రంగస్థలం దొరికింది, పాడినోళ్లకు వీధే మిగిలింది. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లోనూ అంతే గదా! పీర్లకు, జాతరకు, చావుకు తప్పెట కావాల. కొట్టే మాదిగను సంగీతకారుడని ఎవరంటారు? 1994లో మొదలైన దండోరా అదే తప్పెటతో రిజర్వేషన్లలో వాటా అడిగింది. హోగార్త్ బొమ్మలో డోలు పిల్లాడు ఎవరినీ ఏమీ అడగడు.