అర్ధరూపాయి కార్డు మీద సాహిత్యం

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు భట్టిప్రోలు మీదుగా పోతుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వి తీసిన ధాతు కరండాల మీది బ్రాహ్మీ అక్షరాల్లోనే మన లిపి మూలాలున్నాయని పండితులు చాలామంది చెబుతారు. రెండువేల ఏళ్లకు ముందే రాతి మీద పేర్లు చెక్కించుకున్న గడ్డ ఇది. ఈ గడ్డ మీద పుట్టిన పిల్లలకు ఇవాళ ఉత్తరమంటే తెలుగు పరీక్షలో మార్కుల ప్రశ్న. అది చూస్తే కడుపు మండుతుంది.

ఉత్తరం రాయడం ఒక విద్య. పెద్దవాళ్లు కలం తీయగానే రాసేసేవారు కాదు. పైన ‘శ్రీరామ’ పెట్టి, రాసేది ఎవరికో చూసి సంబోధన ఎంచేవారు. మామగారికైతే ‘మహారాజశ్రీ’, కూతురికైతే ‘చి.ల.సౌ.’. ‘ఉభయకుశలోపరి’ దాటాక అసలు పనితనం మొదలయ్యేది. కార్డుకున్న చోటు ఒకటిన్నర పక్క. అందులోనే మినుముల ధర, ఈనిన గేదె, పెద్దమ్మాయి ప్రయాణం, బావగారి అలక అన్నీ ఇమడాలి. చోటు చాలకపోతే కార్డు అడ్డంగా తిప్పి అంచుల వెంట రాసేవారు.

పైగా కార్డు అందరి కళ్లా పడుతుంది. దారిలో ఎవరైనా చదవచ్చు. అందుకే ‘మనం అనుకున్న సంగతి నెమ్మదిగా ఉంది’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, పెళ్లి సంబంధం తప్పిపోయిందని అవతలివాళ్లకు అర్థమైపోయేది. చెప్పకుండా చెప్పడం కథకులు ఏళ్ల తరబడి సాధన చేసి పట్టుకునే ఒడుపు. బాపట్లలో ఉండే మా మేనత్తకు అది పుట్టుకతోనే వచ్చింది. ఆవిడ తలకట్లు ఒక్కటీ వంకర పోయేవి కావు, వత్తులు కింది వరుసను తగిలేవి కావు. కోపం మీద రాసిన కార్డులో మాత్రం కొమ్ములు పొడుగ్గా సాగేవి. చదవక ముందే మా నాన్నకు సంగతి తెలిసిపోయేది. ఏ అచ్చు అక్షరానికి ఉందండీ ఆ శక్తి?

తెనాలిలో పెరిగిన చలం ఈ విద్యలో మేరునగం. ‘ప్రేమలేఖలు’ సంగతి అందరికీ తెలుసు. నాకైతే చింతా దీక్షితులుగారికి ఆయన రాసిన ఉత్తరాలు అంతకన్నా గొప్పవి, ఆయన నవలలకన్నా కూడా గొప్పవి. 1950లో అరుణాచలం చేరాక కూడా ఉత్తరాలతోనే ఎందరికో దగ్గరివాడయ్యాడు. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని మాట్లాడినట్టుండే ఆ వచనం మరొకరికి చేతకాలేదు. కాదనేవాళ్లతో వాదానికి నేను సిద్ధం.

రచయిత శారదను తలచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అసలు పేరు నటరాజన్. తమిళ పిల్లవాడు. 1937లో తెనాలి వచ్చి, హోటల్లో సర్వరుగా ప్లేట్లు మోస్తూ తెలుగు అక్షరాలు నేర్చుకుని, ‘మంచీ చెడూ’, ‘ఏది సత్యం’ వంటి నవలలు రాశాడు. 1955లో, ముప్పయ్యేళ్లు దాటీ దాటకుండానే, పోయాడు. రోజంతా చాకిరీ చేసినవాడికి కాగితం మీద కలం పెట్టే తీరిక దొరికింది. సెలవురోజు సాయంత్రం మనకు దొరకదట!

మా తెనాలి చక్రపాణి 1947లో ‘చందమామ’ మొదలుపెట్టారు. మా ఊరి కుటుంబరావే 1952 నుంచి కన్నుమూసిన 1980 దాకా దాన్ని తీర్చిదిద్దారు. అందులో ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డు ముక్క మీద రెండు మాటలు రాసి పంపడమే ఎందరో పిల్లలకు మొదటి రచన. పోటీకి ఇచ్చిన రెండు ఫోటోలకూ అతికే మాట కోసం రోజుల తరబడి బుర్ర చించుకునేవాళ్లం. రాసే అభ్యాసం అక్కడే పడింది.

కలాల మాట ఒక్క ముక్కలో చెబుతాను. రాజమండ్రి రత్నం పెన్ను దొరికితే అదృష్టం. గాంధీగారే 1935లో దాన్ని మెచ్చి ఉత్తరం రాశారు. దొరక్కపోతే ఏ కలమైనా సరే.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. పొద్దున్నే గులాబీ బొమ్మ మీద శుభోదయం. అది పంపినవాడు చదవడు, అందుకున్నవాడు చూడడు. చేతిరాతను పోలిన ఫాంటుతో శుభలేఖలు అచ్చు వేయించి, నాలుగు మూలలా పసుపు రంగు కూడా అచ్చులోనే కానిస్తున్నారు. పసుపు అద్దే చేతులు ఇంట్లో లేవా? తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కుక్కేది ఒకరు, కన్నతల్లికి పుట్టినరోజు మాటలు యంత్రంతో రాయించుకునేది ఇంకొకరు. యంత్రానికి మీ అమ్మ తెలుసా? ఆవిడ మోకాళ్ల నొప్పి తెలుసా? ఇది ఉత్తరం కాదు, ఉత్తరానికి చేసే అవమానం.

తపాలా శాఖ 2017 నుంచి ‘ఢాయీ ఆఖర్’ పేరుతో ఉత్తరాల పోటీ నడుపుతోంది. చేత్తో రాయాలి, తెలుగులోనూ రాయవచ్చు. తెనాలి, బాపట్ల, రేపల్లె బడుల పంతుళ్లూ పంతులమ్మలూ, మీ పిల్లలచేత రాయించండి. బహుమతి రాకపోయినా ఫరవాలేదు. కార్డు ఇప్పటికీ అర్ధరూపాయే, ఇన్‌లాండ్ రెండున్నర. ముందే ఒకటి కొనిపెట్టుకుని, ఈ ఆదివారం దూరంగా ఉన్న మీ మనిషికి నాలుగు వాక్యాలు రాయండి. పిన్‌కోడు మరిచిపోకండి: తెనాలికి 522201, బాపట్లకు 522101, రేపల్లెకు 522265.