పిట్టగోడ లేని మిద్దె

మన తనకల్లు, కదిరి సీమలో మట్టిమిద్దె యెరుగనివారు లేరు. వేసవి రాత్రులు మిద్దెమీదనే పండుకొందుము. చెనిక్కాయలు, కందులు మిద్దెమీదనే ఆరబోయుదుము. కనుక ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము మనకు వ్యాఖ్యానము లేకయే బోధపడవలసినది. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెననియు, కట్టనియెడల అక్కడనుండి పడినవాని రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చుననియు మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఆ యింటివాడు ఎవరిని త్రోయలేదు, ఎవరిమీద పగ పెట్టుకొనలేదు. చేయవలసిన పని చేయలేదు, అంతే. అయినను దేవుని లెక్కలో అతడు నిర్దోషి కాడు.

ఈ వచనముమీద ప్రసంగము వినిన జ్ఞాపకము నాకు లేదు. కాని సహోదరుడు సహోదరునిమీద వ్యాజ్యమాడకూడదని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయముమీద పలుమారులు వింటిని. సంఘముయొక్క అశ్రద్ధవలన దెబ్బతినినవారు పరిహారము అడిగినప్పుడెల్ల ఈ అధ్యాయమే తెరువబడుచున్నది. ఈ వ్యాసములో నేను విమర్శింపదలచినది పౌలును కాదు, పౌలు మాటను మనము వాడుకొను విధమును. ఆ విధముగా వాడినవారిలో నేనును ఒకడను.

మా ప్రాంతమందలి ఒక పల్లె దేవాలయమునకు బండల కప్పుగల వసారా యుండెను. అందులో ఒక బండ పగిలినది. రెండు వానకాలములు గడచినవి. సంఘకమిటీలో ఆ సంగతి రెండు పర్యాయములు వచ్చినది. రెండవ పర్యాయము చేతిలో డబ్బు కూడ నుండెను. దానితో మైకు సెట్టు కొంటిమి. ఆ సంవత్సరము కోతపండుగనాడు ఆ బండ విరిగి, కూలి చేసికొని బ్రతుకు ఒక విధవరాలి తొడమీద పడెను. ఎముక విరిగెను. ఆమె మరల చెనిక్కాయలు పెరుకుటకు పోలేకపోయెను. ఆసుపత్రికి కొంత చందా పోగుచేసి యిచ్చి, ప్రార్థన చేసి, మా పని తీరినదనుకొంటిమి.

కొన్ని నెలలకు ఆమె కుమారుడు వకీలును అడిగి వచ్చెనని తెలిసినది. కమిటీవారు నన్నును మరి యిద్దరిని ఆమె యింటికి పంపిరి. మేము బైబిలు తెరచి 6వ అధ్యాయము చదివితిమి. ఆమె అంతయు విని నాతో ఇట్లనెను: "అన్నా, నేను దేవుని మీద దావా వేస్తానంటినా? ఆ బండ పగిలిండేది మీకు ముందే తెలుసునా లేదా? అంతే కదా నేను అడిగేది." నేను జవాబు చెప్పలేదు. ఆమె దావా వేయలేదు. మేము దానిని వాక్యమునకు కలిగిన జయమని చెప్పుకొంటిమి.

తరువాత ఆ అధ్యాయమును ఒంటరిగా కూర్చుండి చదివితిని. పౌలు అక్కడ మొట్టమొదట సంఘమునే సిగ్గుపరచుచున్నాడు. సహోదరుల తగవు తీర్చదగిన బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనను లేడా యని అడుగుచున్నాడు. వారి తగవులు అల్పమైన సంగతులను గూర్చినవని ఆయనే చెప్పుచున్నాడు. అన్యాయము సహించుట మేలని బాధితునికి చెప్పిన వెంటనే, 8వ వచనములో అన్యాయము చేయువారివైపు తిరిగి, మీరు సహోదరులకే నష్టము కలుగజేయుచున్నారని గద్దించుచున్నాడు. మేము ఆమె గుడిసెలో 7వ వచనమువరకు చదివి బైబిలు మూసితిమి. 8వ వచనము మాకు వ్రాయబడినది, దానిని చదువలేదు.

అంతేకాదు, కోర్టు అనునది అపవిత్రమని పౌలు తలంచినవాడు కాడు. ఫిలిప్పీలో విచారణ లేకుండ తన్ను కొట్టించి చెరసాలలో వేసిన అధికారులు రహస్యముగా పంపివేయజూచినప్పుడు ఆయన కదలలేదు. వారే స్వయముగా వచ్చి వెలుపలికి తీసికొనిపోవలెననెను. కైసరయలో కైసరు ఎదుట చెప్పుకొందుననెను. విశ్వాసి న్యాయస్థానమును ఆశ్రయించుటయే పాపమైనయెడల అపొస్తలుల కార్యముల గ్రంథపు కడపటి అధ్యాయములు మనకు ఉండకపోవును.

మరియు మన సంఘములు కోర్టు గుమ్మము ఎరుగనివా? ఆస్తి, పదవి, ఎన్నికల విషయమై మన పెద్దలు ఎన్ని వ్యాజ్యములు నడపలేదు? మలంకర సంఘపు వివాదములో, సంఘ వ్యవహారములనుగూర్చిన తగవులను సివిలు కోర్టులు విచారింపవచ్చునని సుప్రీం కోర్టు 1995లో తీర్పు చెప్పెను. ఆ వివాదమే 2017లో మరియొక తీర్పువరకు నడచెను. దక్షిణ ఇండియా సంఘపు ట్రస్టు అసోసియేషనుకును తెలుగు చర్చి కౌన్సిలుకును గల వ్యాజ్యము 1996లో సుప్రీం కోర్టువరకు పోయెను. స్థలముకొరకు వకీలును పెట్టునప్పుడు మనకు 6వ అధ్యాయము జ్ఞాపకము రాదు. కాలు విరిగిన విధవరాలు వకీలును అడిగినప్పుడు మాత్రము వచ్చును. ఇది వాక్యమునకు లోబడుట కాదు, వాక్యమును బలహీనుని నోటికి గుడ్డగా వాడుట.

అశ్రద్ధనుగూర్చిన న్యాయము పాశ్చాత్యులు తెచ్చిపెట్టిన క్రొత్త పద్ధతియని కొందరందురు. నిర్గమకాండము 21వ అధ్యాయము చదువుడి. పొడుచు అలవాటుగల యెద్దును కట్టక విడిచినవాడు దాని యపరాధమునకు ఉత్తరవాది. గొయ్యి త్రవ్వి మూయనివాడు అందులో పడిన పశువుకు వెల యియ్యవలెను. కరవు సీమలో బోరు వేసి, నీరు పడక, నోరు తెరచి విడిచిన గొట్టములను మనము చూడలేదా? అట్టి బోర్లలో పసిపిల్లలు పడి చనిపోవుచుండగా సుప్రీం కోర్టు 2010లో ఉత్తరువులు చేసినది: బోరు వేయు స్థలముచుట్టు కంచె వేయవలెను, హెచ్చరిక పలక కట్టవలెను, పనికిరాని బోరును మట్టితో, రాళ్లతో నేలమట్టమువరకు పూడ్చవలెను. సీనాయి కొండనుండి వచ్చిన మాటయే ఢిల్లీనుండి మరల వినబడినది.

స్కాట్లండు దేశములో 1928లో ఒక బీదస్త్రీ పెయిస్లీ పట్టణపు కాఫీ అంగడిలో అల్లపు పానీయము త్రాగెను. ఆ సీసాలో కుళ్లిన నత్త యుండెనని, దానివలన జబ్బుపడితినని ఆమె ఫిర్యాదు. ఆమె పేరు డొనహ్యూ. పానీయము చేసినవానితో ఆమెకు ఒప్పందమేదియు లేదు. అయినను 1932లో ఇంగ్లండు ప్రభువుల సభలో లార్డు అట్కిన్ తీర్పు చెప్పుచు, మంచి సమరయుని కథకు ముందు ధర్మశాస్త్రోపదేశకుడు యేసును అడిగిన ప్రశ్ననే యెత్తుకొనెను. న్యాయమునందు నా పొరుగువాడెవడు? నా పనివలన దెబ్బతగులునని నేను ముందుగా తలంచవలసిన వాడే నా పొరుగువాడని దాని భావము. నేటికిని మన దేశపు కోర్టులు అశ్రద్ధ వ్యాజ్యములలో మూడు సంగతులు చూచును: జాగ్రత్త తీసికొను బాధ్యత యుండెనా? అది మీరబడినదా? దానివలన నష్టము కలిగినదా? లూకా సువార్త 10వ అధ్యాయమునుండి మొలకెత్తిన ఈ కొలతతో సంఘమును కొలువకూడదని సంఘమే యనుట యెంత వింత!

ఇతర దేశములలో ఈ కొలతకు నిలువలేని సంఘములు కలవు. కెనడాలో ఒక గురువు అనేక సంవత్సరములు బాలురను చెరచెను. సెయింట్ జార్జెస్ డయోసిసు ఆ హానికి బాధ్యత వహింపవలెనని ఆ దేశపు సుప్రీం కోర్టు 2004లో తీర్పు చెప్పెను. నైజీరియా దేశమందలి లాగోసులో 2014 సెప్టెంబరు 12న ఒక ప్రార్థనాసంఘపు అతిథి గృహము కూలి వందమందికి పైగా మరణించిరి. వారిలో అధికులు దక్షిణాఫ్రికానుండి ప్రార్థనకు వచ్చినవారు. కట్టడమునకు అనుమతి లేదనియు, నిర్మాణము లోపము గలదనియు 2015లో మరణవిచారణ తేల్చెను. ప్రార్థనకు వచ్చినవారిపై పడినదని ఆ కప్పు తేలిక కాలేదు.

న్యాయము సంఘమును విడిచిపెట్టిన సందర్భమును కలదు. కాలిఫోర్నియాలో 1979లో మనోవేదనలో నున్న ఒక యువకుడు ఆత్మహత్య చేసికొనగా, ఆలోచన చెప్పిన పాస్టర్లు అతనిని వైద్యునియొద్దకు పంపవలసియుండెనని తలిదండ్రులు వ్యాజ్యమాడిరి. చట్టము పాస్టర్లమీద అట్టి బాధ్యత మోపలేదని ఆ రాష్ట్రపు సుప్రీం కోర్టు 1988లో సంఘపక్షముగా తీర్పు చెప్పెను. కోర్టు విడిచినంతమాత్రమున మనస్సాక్షి విడుచునా? అప్పులపాలై, పంట ఎండి, మాటలాడుట మానిన రైతు మన బల్లమీదను కూర్చుండును. మాత్రలు మాని ప్రార్థనమాత్రమే చేయుమని అతనికి చెప్పువాడు తన పితరుల మార్గము ఎరుగనివాడు. మనకు పొరుగుననున్న మదనపల్లెలో పలు మిషనులు కూడి ఆరోగ్యవరపు క్షయరోగ ఆసుపత్రిని స్థాపింపలేదా? అక్కడ ప్రార్థనయు మందును ఒకే కప్పుక్రింద నుండెను.

దేవుని సొమ్ము కోర్టుకు పోవునే యని అడుగువారున్నారు. దేవుని సొమ్ము పగిలిన బండకు పోవలసియుండెను; మనము పోనియ్యలేదు. సంఘము చెదరిపోవునని మరికొందరు భయపడుదురు. సివిలు దావా శిక్షించుటకు కాదు; నష్టమును కొలిచి తీర్చుమనును. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము సొసైటీమీద తీర్పైనయెడల అది సొసైటీ ఆస్తిమీదనే అమలగును, దాని పేరట నిలిచిన పెద్దల సొంత పొలముమీద కాదు. దురాశతో వేయు దావాలు ఉండవచ్చును. వానిని త్రోసివేయుటకును ఆ న్యాయాధిపతియే యున్నాడు.

దెబ్బతినినవారు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదముల చట్టము ప్రకారము, ఇతరుల తప్పువలన మరణించినవాని భార్య లేక భర్త, తలిదండ్రులు, పిల్లల నిమిత్తము పరిహారము అడుగవచ్చును. 1963 నాటి కాలపరిమితి చట్టము దీనికి మరణదినమునుండి రెండేండ్లు గడువిచ్చినది. పెద్దల మాటలు వినుచు కూర్చుండినచో గడువు దాటిపోవును. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును పిల్లలకును, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఖర్చులేని వకీలు దొరకును. లోక్ అదాలతులో ఉభయులు కూర్చుండి రాజీపడవచ్చును; ఇది పౌలు కోరిన బుద్ధిమంతుని పంచాయితికి మిక్కిలి సమీపము. ఒక్క సంగతిలో మాత్రము సంఘ పంచాయితి పనికిరాదు. పిల్లలమీద లైంగిక దౌర్జన్యము జరిగినదని తెలిసినవారు పోలీసువారికి తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము ఆజ్ఞాపించుచున్నది, దాచుట నేరము.

కొండమీది ప్రసంగములో మన ప్రభువు, బలిపీఠమునొద్ద అర్పణము పెట్టుచున్నవానికి తనమీద సహోదరునికి ఏమైన కలదని జ్ఞాపకము వచ్చినచో, అర్పణమును అక్కడనే విడిచి, మొదట పోయి సమాధానపడవలెనని ఉపదేశించెను. దెబ్బతినినవాడు రావలెనని ఆయన చెప్పలేదు. అర్పణము చేతబట్టినవాడే పోవలెననెను. జక్కయ్యయు ఎవరును దావా వేయకముందే నాలుగంతలు మరల చెల్లింతుననెను. నిజమైన సంఘము దావాకొరకు కనిపెట్టదు.

ఆ తల్లి ఇప్పటికిని కఱ్ఱ ఊతతో వచ్చి వెనుక వరుసలో కూర్చుండును. మేము బాగుచేయించిన వసారా క్రిందనుండియే ఆమె నడచి వచ్చును. ఈ సంవత్సరపు కోతపండుగ అర్పణము మొదట ఆమెకు చెల్లవలెనని నేను కమిటీలో అడుగబోవుచున్నాను. దానిని ధర్మమని పద్దులో వ్రాయవద్దని, అప్పు తీర్చినట్లు వ్రాయవలెననియు అడుగుదును. కమిటీ ఒప్పినను ఒప్పకున్నను, నేను ఆమె గుడిసెకు మరల పోయి, ఆనాడు చదువక మూసిన 8వ వచనమును ఆమె యెదుట చదివి, బండ పగిలిన సంగతి మాకు తెలియునని చెప్పవలసియున్నది.

చదువరీ, నీ సంఘపు కప్పువైపు ఒకసారి చూడుము. ప్రభువు మనకు చూచు కన్నులను, ఒప్పుకొను నోటిని దయచేయునుగాక. ఆమేన్.