రెండు సెకన్లు కూడా లేని ఎత్తు

2024 జులై 14న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం నియోజకవర్గంలోని లష్కర్‌గూడ తాటివనంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గీత కార్మికులతో కలిసి కూర్చున్నారు. ఆ రోజు అక్కడ పంచడం మొదలుపెట్టిన కిట్టు పేరు కాటమయ్య రక్షణ కవచం. గీత పని చేసే గౌడన్నలు చెట్టు మొదట్లో చెయ్యి పెట్టి తలచుకునే దేవుడి పేరే దానికి పెట్టారు. పేరు బాగుంది. కానీ దేవుడి పేరున్న వస్తువుతో ఒక చిక్కు ఉంది. ఒంటికి తగిలించుకుంటే చాలు, మిగతాది అదే చూసుకుంటుందనే ధీమా వస్తుంది. ఎత్తు మీద బతికేవాళ్లకు ఆ ధీమా అంత చెడ్డది ఇంకోటి లేదు.

కిట్టు సంగతి తర్వాత. ముందు చెట్టెక్కే తాడు, అంటే మోకు సంగతి చూడాలి.

కింద నిలబడి చూసేవాళ్లకు చెట్టెక్కడం బలం పనిలా కనిపిస్తుంది. నిజానికి అది బరువును ఇటునుంచి అటు మార్చే పని. మోకు చెట్టును చుట్టి నడుము వెనక్కి వస్తుంది. పాదాలు రెండింటికీ కలిపి ఒక బంధం ఉంటుంది. మనిషి వెనక్కి వాలినంతసేపే మోకు చెట్టును పట్టుకుంటుంది. చెట్టుకు దగ్గరగా జరిగాడా, వదులవుతుంది. ఆ వదులులోనే దాన్ని మూరెడు పైకి ఎగదోయాలి. అప్పుడు ఒంటి బరువంతా పాదాల మీద ఉంటుంది. మళ్లీ వెనక్కి వాలి, బరువు నడుముకు అప్పగించి, మోకాళ్లు ముడిచి పాదాలను పైకి లాక్కోవాలి. ఒకటి పట్టులో ఉన్నప్పుడు ఇంకోటి వదులు. రెండూ ఒక్కసారే వదులైతే మనిషి దక్కడు.

ఇందులో కొత్తవాడికి మింగుడుపడని సంగతి ఒకటుంది. భయం వేసినప్పుడు ఎవరైనా చెట్టును కావలించుకుంటారు. కావలించుకుంటేనే మోకు జారుతుంది. నలభై అడుగుల మీద, వీపు వెనక గాలి తప్ప ఏమీ లేనిచోట, వెనక్కి వాలడమే క్షేమం. ఈ విద్య నోటితో చెబితే వచ్చేది కాదు. తండ్రో మామో కింద నిలబడి చూస్తుండగా, పొట్టి చెట్ల మీద మొదలుపెట్టి, ఒళ్లు దానంతట అది వాలేదాకా నేర్చుకోవాల్సిందే.

అసలు గండం ఎక్కేటప్పుడు కాదు, ఎక్కిన తర్వాత. మట్టల కిందికి చేరాక కల్లు పారే గొలలు అందాలంటే మనిషి పక్కకు వంగాలి, ఒక్కోసారి మట్టల నడుమ కాలు మోపాలి. అంచులు రంపపు పళ్లున్న మట్టలవి. పచ్చిది మోస్తుంది, ఎండింది విరుగుతుంది. చేతిలో పదునైన కత్తి, పక్కన నిండిన కల్లు లొట్టి, కళ్లు గొల కొస మీద. గీత మందమైతే గొల తొందరగా అయిపోతుంది, మరీ పలుచనైతే ధార తగ్గుతుంది. రోజూ ఉదయం, సాయంత్రం ఆ కొసను ఆరనివ్వకుండా గీస్తేనే కల్లు పారుతుంది. పోతుతాడుకు ఒక తీరు, పండుతాడుకు ఇంకో తీరు. ఈతచెట్టుకైతే గొలను కాదు, మొవ్వ దగ్గర కాండాన్నే చెక్కి గాటు పెడతారు. ఇంత చేతిపని మీద మనసు పెట్టినవాడు అదే సమయంలో తన కాలు ఎక్కడుందో కూడా మరవకూడదు. దీన్ని కూలిపని అనేవాళ్లు ఒక్కసారి మెడ ఎత్తి చూడాలి.

వానకాలం చెట్టుకు పాకుడు పడుతుంది. మట్టల సందుల్లో కందిరీగలుంటాయి, తేనెటీగలు లేస్తాయి. ఎండకు ఎండి వానకు నానిన మోకు లోపల ఎక్కడ చివికిందో పైకి కనబడదు. జిల్లా పేపర్లు చదివేవాళ్లకు తెలిసిన వార్తే: మోకు జారి గీత కార్మికుడు తలకిందులుగా వేలాడటం, ఊరంతా చెట్టు కింద చేరడం, జేసీబీ కోసమో క్రేన్ కోసమో పరుగులు పెట్టడం. అలా వేలాడినవాడు ఒక రకంగా అదృష్టవంతుడు. వేలాడనివాడి సంగతి వార్తలో రెండు వాక్యాల్లో అయిపోతుంది.

ఇక్కడ చిన్న లెక్క. యాభై అడుగుల చెట్టు మీదినుంచి జారితే నేలను తాకడానికి రెండు సెకన్లు కూడా పట్టవు. తాకేసరికి వేగం గంటకు అరవై కిలోమీటర్లు దాటుతుంది. ‘అయ్యో’ అనే వ్యవధి కూడా లేదు, ఆలోచించడం ఎక్కడిది?

విమానం నుంచి దూకే స్కైడైవర్‌తో పోల్చి చూస్తే దీని అర్థం తెలుస్తుంది. అతను సుమారు 13,000 అడుగుల మీద దూకుతాడు. వేగం గంటకు 190 కిలోమీటర్ల దాకా వెళ్లినా, పారాషూట్ విప్పే ముందు దాదాపు నిమిషం చేతిలో ఉంటుంది. అది సరిగా విచ్చుకోకపోతే తెంపేసి రెండోది విప్పుకోవచ్చు. మనిషి స్పృహ తప్పినా రెండోదాన్ని తానే విప్పే యంత్రాలు ఉన్నాయి. 1991లో జర్మనీలో వచ్చిన సైప్రెస్ అలాంటిదే. మామూలు రకం సుమారు 750 అడుగుల ఎత్తులో పని మొదలుపెడుతుంది. ఇక మనిషితో కాదని యంత్రం తీర్మానించే ఆ ఎత్తు మన తాటిచెట్లు పదిహేను నిలబెట్టినంత! స్కైడైవర్‌కు ఎత్తు అంటే చేతిలో మిగిలిన సొమ్ము. తప్పు చేసినా దిద్దుకోవడానికి ఖర్చు పెట్టుకోవచ్చు. గీత కార్మికుడి దగ్గర ఆ సొమ్ము లేదు.

అంత సొమ్మున్నవాళ్లు కూడా హెల్మెట్ మీద చిన్న కెమెరా పెట్టుకోవడానికి ఎంత జంకుతారో వింటే ఆశ్చర్యం వేస్తుంది. అమెరికా పారాషూట్ సంఘం కనీసం 200 సార్లు దూకిన అనుభవం లేకుండా కెమెరా పెట్టుకోవద్దని సలహా ఇస్తుంది. అరచేతిలో ఇమిడే గోప్రో కెమెరాకు ఇంత రాద్ధాంతమా అంటే, కారణాలు రెండు. మొదటిది చిక్కు. పారాషూట్ తాళ్లు విచ్చుకుంటూ పైకి లేచేటప్పుడు తల మీద పొడుచుకొచ్చిన ఏ కొక్కేనికైనా తగులుకోవచ్చు. అందుకే కెమెరా హెల్మెట్లకు ఒక్క లాగుతో ఊడిపోయే పట్టీ పెడతారు. తాడు చుట్టుకుంటే హెల్మెట్‌ను వదిలేసి ప్రాణం దక్కించుకోవచ్చు.

రెండోది ధ్యాస. కెమెరా పెట్టుకున్నవాడు ఆకాశంలో ఇంకో పని ఒప్పుకున్నట్టే. ఎత్తు చూసుకోవాల్సిన కన్ను బొమ్మ చూస్తుంది. 1988 ఏప్రిల్‌లో అమెరికాలోని నార్త్ కరోలినాలో జరిగిన ఘటన ఆ లోకంలో అందరికీ తెలిసిందే. ఎనిమిది వందల సార్లకు పైగా దూకిన అనుభవజ్ఞుడు ఒకడు, శిష్యుడు దూకడాన్ని వీడియో తీయడానికి విమానం నుంచి దూకాడు. పారాషూట్ వేసుకోలేదు. వీడియో సామగ్రి ఒంటి మీద బరువుగా ఉండటంతో పారాషూట్ ఉందనే అనుకొని ఉంటాడని అంటారు. ఇక్కడ కొత్తదనం వల్ల జరిగిన పొరపాటేమీ లేదు. తెలిసిన పనే, ధ్యాస ఇంకోచోట ఉండగా చేశాడు.

ఈ రెండు కారణాలనూ పట్టుకొని మళ్లీ తాటివనంలోకి వస్తే, కాటమయ్య కిట్టును ఎలా చూడాలో తెలుస్తుంది. అందులో నడుముకూ తొడలకూ వేసుకునే బెల్టు, చెట్టును చుట్టే తాళ్లు, కాళ్లకు లూపులు, క్లిప్పులు ఉంటాయి. పర్వతారోహకుల సామాను తీరే ఇది. కాలు జారినా తాడు చెట్టును పట్టి మనిషిని నేలదాకా రానివ్వకూడదనేది దీని ఉద్దేశం. రెండు సెకన్ల లెక్క ప్రకారం ఇదొక్కటే సరైన దారి. జారిన తర్వాత పనిచేసే పారాషూట్‌కు ఇక్కడ చోటు లేదు, జారకముందే తాడు పట్టులో ఉండాలి. తొడలకు బెల్టు ఉండటం వల్ల ఇంకో మేలుంది. పట్టు దొరికినప్పుడు మనిషి తలకిందులు కాకుండా కూర్చున్నట్టు ఆగుతాడు.

అయితే క్లిప్పు పెట్టాలి, తియ్యాలి, మళ్లీ పెట్టాలి. పూటకు పది పన్నెండు చెట్లు ఎక్కేవాడికి చెట్టుకు రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడితే పొద్దెక్కిపోతుంది. మోకుతో ముప్పై ఏళ్లు ఎక్కిన ఒంటికి కొత్త తాడు ఎక్కడ వదులో ఎక్కడ బిగువో తెలియదు. అందుకే కిట్టు దూలానికి వేలాడుతుంటే ‘మావాళ్లకు బద్ధకం’ అని తీసిపారేయడం అన్యాయం. అలవాటు లేని రక్షణ కూడా కొన్నాళ్లు ఒక ప్రమాదమే. పాత లయ తప్పి, కొత్త లయ రాకముందు ఉండే ఆ నెలలే జాగ్రత్తగా ఉండాల్సినవి. ఒకపూట శిక్షణ ఇచ్చి ఫొటో దిగితే సరిపోదు. పొట్టి చెట్ల మీద, ఎండిన రోజుల్లో, తోటివాడు కింద ఉండగా, చెయ్యి చూడకుండా క్లిప్పు వేసేదాకా ఎక్కాలి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. బెల్టులో ఆగినవాడిని వెంటనే దించాలి. కదలకుండా ఎక్కువసేపు వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోయి అదే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఒంటరిగా వనానికి పోయేవాడికి కిట్టు సగం రక్షణే. మిగతా సగం, కేక వినపడే దూరంలో ఉన్న ఇంకో గౌడన్న.

ఇక ఫోన్లు. తాటిచెట్టు కొసన నిలబడి తీసిన వీడియోలు ఇప్పుడు కావాల్సినన్ని. గీత పనిని లోకానికి చూపించడం మంచిదే, అందులో గర్వం ఉంది, ఉండాలి కూడా. కానీ 13,000 అడుగులవాళ్లే 200 సార్లు దూకేదాకా ఆగమంటుంటే, మట్టల మధ్య ఒక చేత్తో ఫోన్ పట్టుకోవడాన్ని ఏమనాలి? అంతగా తీయాలనుంటే కింద నిలబడినవాడు తీయాలి.

ఇంత గండం ఉన్న పనిని మానేయరాదా అని పట్నంలో అడిగేవాళ్లున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఇటు వస్తే వనాలు పోయి వెంచర్లు లేస్తున్నాయి, ఆ ప్రశ్న దానంతట అదే తీరిపోతున్నట్టుంది కూడా. కానీ చెట్టు ఎక్కేవాడు లేకపోతే కల్లు ఆగదు, చెట్టుతో పని లేని కల్లు వస్తుంది. డైజిపాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లకు మోకు అక్కర్లేదు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. చెట్టు మీదినుంచి దిగిన లొట్టికి పూచీ ఉన్నది, దాన్ని దించినవాడి చేతిలో. నీరా, ముంజలు, తాటి కమ్మల పందిళ్లు, చెరువు గట్లు ఆ చెట్టుతోనే ముడిపడ్డాయి. ఈ పని నిలబడాలంటే చెట్లతోపాటు చెట్టెక్కేవాడూ బతికుండాలి.

చెట్టు మీదినుంచి పడి చనిపోతే కుటుంబానికి ప్రభుత్వం 5 లక్షల రూపాయల పరిహారం ఇస్తుంది. అంతకంటే చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పనులున్నాయి. చివికిన తాడును ఏటా మార్చివ్వాలి. గీత కార్మికుల ప్రతి సొసైటీలో క్లిప్పులూ కుట్లూ పరీక్షించే మనిషిని ఒకరిని తయారు చేయాలి. వేలాడినవాడిని దించడం ఊరి కుర్రాళ్లకు నేర్పాలి. ఎక్సైజ్ శాఖ, బీసీ సంక్షేమ శాఖ కలిసి కూర్చుంటే ఇవేవీ కాని పనులు కావు.

కల్లు తాగడానికి మండువకు వచ్చే మనకూ ఒక పనుంది. గౌడన్న పైన ఉన్నప్పుడు ‘ఇంకెంతసేపు’ అని కేకెయ్యకండి, ఫోన్ చేయకండి. ఆయన కిందికి దిగి, బెల్టు విప్పాక మాట్లాడండి.