సంఖ్య నుంచి పేరుకు: 'కల్కి 2898 ఏడీ'లో స్త్రీపాత్ర – స్త్రీవాద నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

విజ్ఞానకల్పన ఊహించే భవిష్యత్తులో స్త్రీ స్థానమేమిటన్నది స్త్రీవాద విమర్శ వేసే ప్రశ్న. తెలుగు తెరపై ఈ ప్రక్రియకు 'ఆదిత్య 369' (1991) ప్రసిద్ధ ఉదాహరణ. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ'లో స్త్రీ గర్భమే కథాకేంద్రమైంది. గర్భం కేంద్రమైనంత మాత్రాన స్త్రీ కేంద్రమైనట్లేనా అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

సంఖ్య – పేరు

కాంప్లెక్స్‌లో బందీలైన స్త్రీలను సంఖ్యలతో గుర్తిస్తారు. దీపికా పదుకోణె ధరించిన పాత్ర 'సమ్-80'. సుప్రీం యాస్కిన్‌కు కావలసిన ద్రవం కోసం ఈ స్త్రీలను కృత్రిమంగా గర్భవతులను చేస్తారు. స్త్రీ శరీరాన్ని ముడిసరుకుగా మార్చిన ఈ వ్యవస్థను చిత్రం నిర్ద్వంద్వంగా ఖండించింది. తప్పించుకున్న తరువాత ఆమె 'సుమతి' అవుతుంది. కల్కి పురాణంలో కల్కి తల్లి పేరు కూడా సుమతియే. అంటే సంఖ్య స్థానంలో వచ్చిన పేరు సైతం ఆమెను పుట్టబోయే బిడ్డ ద్వారానే గుర్తిస్తున్నది.

మార్గరెట్ అట్‌వుడ్ 1985 నాటి నవల ఆధారంగా 2017లో మొదలైన 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' టెలివిజన్ ధారావాహికకూ ఇదే ఇతివృత్తం. అక్కడ యజమాని పేరుతో 'ఆఫ్‌ఫ్రెడ్' అయిన స్త్రీ, తన అసలు పేరు జూన్ అని తొలి భాగం చివరలోనే స్వగతంలో చెప్పుకుంటుంది. ప్రేక్షకుడు ఆ రాజ్యాన్ని ఆమె కంటితో చూస్తాడు. సుమతి అంతరంగానికి అటువంటి అవకాశం దక్కలేదు.

సాధనంగా స్త్రీ

మనిషిని ఇతరుల ప్రయోజనానికి సాధనంగా వాడటాన్ని మార్తా నుస్‌బామ్ 1995లో వస్తూకరణ లక్షణాలలో ఒకటిగా పేర్కొన్నది. యాస్కిన్‌కు సుమతి ద్వారా శక్తి కావాలి. భైరవకు కాంప్లెక్స్ ప్రవేశం కావాలి. అశ్వత్థామకు శాపవిముక్తి కావాలి. ఉత్తర గర్భంపై చేసిన నేరానికి అతడు చేసుకునే ప్రాయశ్చిత్తం సుమతి గర్భరక్షణ. వీరిలో క్రూరుడున్నాడు, స్వార్థపరుడున్నాడు, రక్షకుడున్నాడు. అయినా ముగ్గురి దృష్టీ గర్భం మీదనే నిలుస్తుంది.

దీనికి ప్రతివాదం లేకపోలేదు. సుమతి కోసం ప్రాణాలకు తెగించిన కైరా, ఆమెను ఆదరించిన మరియం పాత్రలలో, కరోల్ గిలిగన్ 1982లో ప్రతిపాదించిన సంరక్షణ నీతి ఛాయలున్నాయి. సుమతి మంటల మధ్య నుంచి నడిచివచ్చే ఘట్టం ధీరత్వానికి ప్రతీకగా కనిపిస్తుంది. కానీ అగ్నిప్రవేశాన్ని ఎరిగిన తెలుగు ప్రేక్షకునికి అది నిర్ణయం కన్నా మహిమగానే తోస్తుంది. మహిమ ఆరాధనకు దారితీస్తుంది, సమ్మతిని అడగదు.

ముగింపు

ఈ ప్రశ్న కల్పనకే పరిమితం కాదు. 2021 నాటి సరోగసీ (నియంత్రణ) చట్టం వాణిజ్య సరోగసీని నిషేధించింది. పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టేలోగా సమ్మతిని ఉపసంహరించుకునే హక్కును స్త్రీకి ఇచ్చింది. చట్టం గుర్తించిన ఆ 'వద్దు' అనే మాటకు చిత్రంలోని కాంప్లెక్స్‌లో చోటు లేదు; శంబలలో ఆ ప్రశ్నే తలెత్తదు. గర్భాన్ని దోచుకోవడం, గర్భాన్ని పూజించడం నైతికంగా సమానం కావు. అయితే రెండింటిలోనూ స్త్రీ విలువ గర్భంతోనే ముడిపడింది. ఈ కథకు తదుపరి భాగం రావలసి ఉంది. బిడ్డ పుట్టిన తరువాత సుమతి ఎవరు అన్నదానికి ఆ భాగం ఇచ్చే సమాధానమే ఈ కల్పనలోని స్త్రీవాద నైతికతకు గీటురాయి.