గుండీ పెట్టడం నేర్పే చదువు

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో అంగి గుండీ పెట్టుకోవడం నేర్పే తీరును ఒకసారి దగ్గర కూర్చుని చూడాలి. ఎదురుగా బుద్ధిమాంద్యం ఉన్న పన్నెండేళ్ల పిల్లవాడు. టీచరు గుండీని తానే కాజాలోకి ముప్పాతిక వంతు దూర్చి పెడతారు. అవతలి నుంచి లాగడం ఒక్కటే వాడి పని. లాగాడు, గుండీ పడింది. అది చేతికి అలవాటయ్యాక సగమే దూర్చి వదిలేస్తారు. ఆ తర్వాత కాజా తెరిచి పట్టుకుంటారు, అంతే. పాఠం చివరి నుంచి మొదటికి నడుస్తుంది కనుక ఏ రోజైనా పని ముగించేది పిల్లవాడే. మొదటి నుంచి నేర్పితే రోజూ మధ్యలోనే ఆగిపోయేవాడు. ఎంత తెలివైన ఏర్పాటు!

ఈ పనితనం పిల్లల పేర్లు రాసుకునే దగ్గరే మొదలవుతుంది. ఉదాహరణకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు చాలా ఇళ్లలో నాన్న గల్ఫ్‌లోనో మరమగ్గం మీదో ఉంటాడు, అమ్మ బీడీలు చుడుతుంది. బిడ్డను బడికి తీసుకెళ్లి కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది. పిల్లవాడు ఆరో తరగతి ఈడుకొచ్చేసరికి ఎత్తుకుని తేవడమూ ఆమె వల్ల కాదు. అందుకే మంచి ఐఈఆర్‌పీ (ఈ పిల్లలకు చదువు చెప్పే రిసోర్స్ పర్సన్) రిజిస్టరులో పేరెక్కించి ఊరుకోరు. వైకల్య ధ్రువపత్రం వచ్చిందా, తోడు వచ్చేవారికి ఇచ్చే భత్యం అందుతోందా, ఫిజియోథెరపీకి ఏ రోజు రావాలి అన్నవన్నీ వాళ్లే కనుక్కుంటారు. కదల్లేని పిల్లలకు ఇంటికే వెళ్లి చెబుతారు. ఇవేవీ హాజరుపట్టీలో కనిపించవు.

ఇంత పని ఒక్కరు ఎందరికి చేయగలరు? రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28న లెక్క చెప్పింది: ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒక స్పెషల్ టీచరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రకటించిన డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు ఎస్జీటీలు (ప్రాథమిక తరగతుల టీచర్లు) 796, స్కూల్ అసిస్టెంట్లు (పై తరగతుల టీచర్లు) 220. ఏళ్లతరబడి కాంట్రాక్టు కొలువులతోనే నెట్టుకొచ్చిన చోట ఇది పెద్ద అడుగే. కానీ పై తరగతులకు రాష్ట్రం మొత్తానికి 220 మంది ఏ మూలకు? గుండీ పాఠం ఒక్కొక్కరి పక్కన కూర్చుని చెప్పేది, గుంపుకు చెప్పేది కాదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. మీ వాడకట్టులో బడికి పోని అలాంటి బిడ్డ ఉంటే ఎంఈఓ ఆఫీసుకు వెళ్లి భవిత కేంద్రం ఎక్కడో అడగండి. వాళ్ల అమ్మకు పని దినం పోకుండా మీరే వెళ్లి అడిగితే ఇంకా మేలు.