హద్దు దాటింది ఎవరు?

విజిల్ బ్లోయర్ అన్న మాటకి మన పత్రికలు ‘ప్రజావేగు’ అని తెలుగు చేశాయి. వేగు అంటే గూఢచారి. చాటుగా విని, చాటుగా చేరవేసే మనిషి. నలుగురి ముందూ నిలబడి ఇది తప్పు అన్నవాళ్ళకి మన భాష ఇచ్చిన పేరు ఇది! ఇక సామెత ఉండనే ఉంది, ఇంటిగుట్టు లంకకి చేటని. లంక చెడింది రావణుడు చేసిన పని వల్ల కాదు, విభీషణుడు నోరు విప్పడం వల్ల అన్నమాట. ఆ నోరు ఆడదానిదైతే మాటలకి కొదవే లేదు. రచ్చకెక్కింది, హద్దు మీరింది, బరితెగించింది. బరి అన్నా గీతే, హద్దే.

ఈ ‘హద్దు’ ఎంత పని చేయగలదో నూజివీడు ప్రాంతంలో జరిగిన ఒక సంఘటన చూపిస్తుంది. చిన్నరసాలకీ పెద్దరసాలకీ పేరుపడ్డ నూజివీడుకి ఆనుకునే ముసునూరు మండలం ఉంది. దాని పక్కగా తమ్మిలేరు పారుతుంది. 2015 జూలై 8న అక్కడ ఇసుక అక్రమంగా తవ్వుతున్నారని తెలిసి ముసునూరు తహసీల్దార్ వనజాక్షి సిబ్బందితో వెళ్ళి అడ్డుకున్నారు. అప్పటి దెందులూరు ఎమ్మెల్యే చింతమనేని ప్రభాకర్, ఆయన అనుచరులు తనపై దాడి చేశారని, ఈడ్చారని ఆమె ఆరోపించారు. ఆయన ఖండించారు. రెవెన్యూ ఉద్యోగులు ఆందోళనకి దిగారు.

నేరం ఎవరిదో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ఆ సంఘటన చుట్టూ అల్లిన కథని చదవడమే నా ఉద్దేశం. మొదట అడగాల్సిన ప్రశ్న, ఇసుక ఎవరు తవ్వారు, ఎవరి అనుమతితో? కొద్ది రోజుల్లోనే ఆ చోట ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది. ఆమె నిలబడ్డ నేల కృష్ణా జిల్లాదా, పశ్చిమ గోదావరిదా? తన పరిధి దాటి ఎందుకు వెళ్ళింది? ఏటి ఇసుకకి జిల్లా హద్దు తెలియదు. ట్రాక్టరుకీ అక్కర్లేదు. అడ్డుపడిన ఆడ అధికారికి మాత్రం కావాలి. రాత్రిపూట బయటికెందుకు వెళ్ళావు, ఆ వీధిలో నీకేం పని అని మనల్ని రోజూ అడిగే ప్రశ్నే ఇక్కడ సర్వే నంబరు రూపంలో వచ్చింది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. 2014లో తెచ్చిన విధానం ప్రకారం అప్పుడు రాష్ట్రంలో ఇసుక రీచ్‌లు డ్వాక్రా సంఘాల పేరు మీద నడుస్తున్నాయి. ఇసుక మీద స్త్రీల పేరు, ఇసుక ఆపినందుకు దెబ్బలు తిన్నానని చెప్పింది ఒక స్త్రీ. సాధికారత అనే మాట ఎవరికి కవచంగా పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇది ముసునూరుతో మొదలు కాలేదు. 1992లో రాజస్థాన్‌లో భన్వరీదేవి ప్రభుత్వ సాథిన్‌గా తన పని తాను చేస్తూ ఒక పసిపిల్ల పెళ్ళి ఆపబోయింది. అందుకు ప్రతీకారంగా ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి విడుదల చేసింది. ఆమె పోరాటం నుంచే 1997లో విశాఖ తీర్పు, దాని వెంట 2013 చట్టం వచ్చాయి. ఉద్యోగం చేసే స్త్రీలందరికీ రక్షణ తెచ్చిన మనిషికి మాత్రం న్యాయం దొరకలేదు.

మన రాష్ట్రంలోనే 2020లో నర్సీపట్నం మత్తు డాక్టరు సుధాకర్ మాస్కులు లేవన్నారు. సస్పెండయ్యారు. తర్వాత విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టారు. హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. 2021 మేలో ఆయన చనిపోయారు. అక్కడా మాస్కుల ప్రశ్న మాయమై, ఆ దళిత డాక్టరు మతి సరిగ్గా ఉందా అన్న ప్రశ్న మిగిలింది. ఆడవాళ్ళకి హద్దు, ఆయనకి మతి. మాట మీద పడాల్సిన విచారణ మనిషి మీద పడడమే ప్రతీకారంలో మొదటి మెట్టు. సస్పెన్షన్లూ బదిలీలూ దాని తర్వాతే.

మరి చట్టం? జాతీయ రహదారుల అవినీతి గురించి రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003లో హత్యకు గురైన పదేళ్ళు దాటాక, 2014 మే 9న, ప్రజావేగుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం రాలేదు. వచ్చినా దాన్ని జాగ్రత్తగా చదవాలి. పేరు చెప్పని ఫిర్యాదుని అది తీసుకోదు. తెలిసి తప్పుడు ఫిర్యాదు చేస్తే రెండేళ్ళ దాకా జైలు అంటుంది. ఫిర్యాదుదారుని వేధించలేదని రుజువు చేసుకునే బాధ్యత అధికారుల మీద పెట్టడం అందులో మేలైన అంశం. కానీ అదంతా ప్రభుత్వోద్యోగుల తప్పుల గురించే. ప్రైవేటు యజమాని దాని పరిధిలోకి రాడు. మళ్ళీ హద్దే!

అందుకే నూజివీడు తోటల్లో కాయ ఏరి, గ్రేడు చేసి, గడ్డి పరిచి పెట్టెల్లో సర్దే ఆడకూలీ గురించి ఆలోచించాలి. కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధమని ఆమె ఎక్కడో విన్నదనుకుందాం. ఎక్కడైనా ఆ పొట్లం కంటపడితే ఆమె ఎవరికి చెప్పాలి? ఆమెను సస్పెండ్ చేయనక్కర్లేదు, విచారణ కమిటీ వేయనక్కర్లేదు. ‘రేపట్నించి రావద్దు’ అంటే చాలు. తహసీల్దార్ వెనక ఉద్యోగ సంఘం నిలబడింది. ఈమె వెనక ఎవరు?

నిజం చెప్పినవాళ్ళని వీరనారులని పొగడ్డం మనకి తేలిక. పొగడ్త కూలి డబ్బులు ఇవ్వదు. పేరు బయటపడకుండా ఫిర్యాదు తీసుకునే చోటు కావాలి. విచారణ జరిగినన్నాళ్ళూ పనీ కూలీ పోకుండా చూడాలి. పక్కన కూర్చుని పెట్టెలు సర్దే నలుగురూ ‘మేమూ చూశాం’ అనగలగాలి. 2013 చట్టం కింద అసంఘటిత రంగంలో లైంగిక వేధింపుల ఫిర్యాదులకి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. అది ఎక్కడుందో ఆ తోటల్లో ఎంతమందికి తెలుసో మహిళా సంఘాలుగా మనం వెళ్ళి అడగాలి.

2022 ఏప్రిల్ జిల్లాల విభజనలో ముసునూరు, దెందులూరు రెండూ ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. వనజాక్షి దాటారో లేదో అని అంత వాదించుకున్న గీత ఒక్క జీవోతో చెరిగిపోయింది. ఇసుక ఎవరు తవ్వారన్న ప్రశ్నని మాత్రం మనం ఇంకా అడుగుతూనే ఉండాలి.